కండక్టర్ గారి భార్య సైకిల్

సోమవారం ఉదయం ఆమెకు బస్సులో సీటు దొరికింది. ఎనిమిదో స్టాపులో ఒక పెద్దాయన దిగుతూ దిగుతూ, ఇంకెవరూ ఎగబడకముందే కళ్ళతోనే ఆ చోటు చూపించి వెళ్ళాడు. ఆమె కూర్చుని, కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో వేళ్ళు ఒక్కొక్కటే లాక్కుంది. పైకడ్డీ పట్టుకుని అంతసేపు వేలాడితే భుజం నుంచి చిటికెనవేలి దాకా తిమ్మిరెక్కి, ఆ చెయ్యి ఎవరిదో అన్నట్టుంటుంది. ఇదివరకు బస్సు దిగిన ఐదు నిమిషాల్లో సర్దుకునేది. ఈమధ్య గంటైనా సర్దుకోవడం లేదు.

కండక్టర్ వెనకనుంచి టికెట్లు కొట్టుకుంటూ వస్తున్నాడు. "లోపలికి జరగండి, లోపలంతా ఖాళీయే" అంటున్నాడు. లోపల ఖాళీ ఉందన్న సంగతి ఆ బస్సులో ఆయనొక్కడే నమ్ముతాడు. ఆయన ఆమె భర్త.

బస్సు సంస్థ సిబ్బంది కుటుంబాలకు ఉచిత పాస్ ఇస్తుంది. దాంతోపాటు ఒక నియమం కూడా ఇచ్చింది. టికెట్ కొన్న మనిషి నిలబడి ఉంటే పాస్ మీద వచ్చిన మనిషి కూర్చోకూడదు. మిగతా కండక్టర్లు ఈ నియమాన్ని చూసీ చూడనట్టు వదిలేస్తారు. ఈయన వదలడు. డిపోలో అందరూ ఆయన్ని రూళ్ళకర్ర అంటారు. ఆ పేరు తనకు తెలియదనే వాళ్ళని అనుకోనిస్తాడు.

ఆయన ఆమె సీటు దగ్గర ఆగాడు. పక్కన బ్రీఫ్‌కేసు పట్టుకున్న మనిషి ఒకడు టికెట్ వేళ్ళ మధ్య మడుస్తూ నిలబడి ఉన్నాడు.

"పాస్ వాళ్ళు లేవాలండి."

ఆమె తలెత్తి చూసింది. ఆయన టికెట్ల కట్టనే చూస్తున్నాడు.

"చెయ్యి తిమ్మిరెక్కింది" అంది ఆమె నెమ్మదిగా.

"టికెట్ వాళ్ళు నిలబడున్నారు. లేవాలండి."

ఆమె లేచింది. బ్రీఫ్‌కేసు మనిషి "నేనేం అడగలేదమ్మా" అని నసుగుతూ కూర్చున్నాడు. రోజూ ఆ బస్సులో వచ్చే నర్సు అయ్యో అన్నట్టు చూసి, చూసినందుకు తనే సిగ్గుపడి తల తిప్పేసుకుంది. మిగిలిన పదకొండు స్టాపులూ ఆమె అదే కడ్డీ పట్టుకుని నిలబడింది.

ఎనిమిది గంటల బెల్లుకు ఆమె కటింగ్ బల్ల ముందు ఉంది. అది యూనిఫారాలు కుట్టే వర్క్‌షాపు. ఆమె దగ్గర పని నేర్చుకుని ఇప్పుడు సహాయకుడుగా చేస్తున్న మనిషి అప్పటికే ముప్ఫై పొరల గుడ్డ పరిచి, ముడతలు సరిచేసి, పైన కాగితం నమూనా పెట్టి ఇనుప బరువులు ఆనించాడు. ఆమె ఎడమచేతికి ఉక్కు అల్లిక తొడుగు వేసుకుంది. టీగ్లాసుని కాసేపు కుడి అరచేతిలో పట్టుకుని కూర్చుంది. వేడి తగిలినట్టే లేదు. ఇంకా ఆగితే అడుగుతారని లేచి మెషిన్ పట్టుకుంది.

నిలువు బ్లేడు గుడ్డలోకి దిగింది. తిన్నని గీతల్లో బాగానే నడిచింది. చంక వంపు దగ్గర మణికట్టు తిప్పాలి. తిప్పాననే అనుకుంది. బ్లేడు మాత్రం వేలెడు దూరం తిన్నగా పోయి, ఆ తర్వాత తిరిగింది. పైపొరలో వేలెడు తప్పితే అడుగుపొర దాకా వేలెడూ తప్పినట్టే. ముప్ఫై కోటు ముక్కలు ఒకేసారి పాడయ్యాయి.

సూపర్‌వైజర్ వచ్చి ఆ ముక్కలు చూశాడు. ఆమెకంటే పదేళ్ళు చిన్నవాడు, గొంతు పెంచే అలవాటు లేదు.

"మాస్టరమ్మా, ఈ నెలలో ఇది రెండోసారి."

"అవును."

"శుక్రవారం పొద్దున్నే డాక్టర్ల తెల్లకోట్లు కోతకి వస్తాయి. అది కూడా ఇలాగే అయితే పైవాళ్ళు ఊరుకోరు. మిమ్మల్ని దారాల బల్లకి మార్చమంటారు. అప్పుడు నా చేతిలో ఏం ఉండదు."

దారాల బల్ల హాలు చివర ఉంటుంది. చూపు తగ్గినవాళ్ళు, చెయ్యి వణికేవాళ్ళు అక్కడ కూర్చుని, కుట్టడం అయిపోయిన బట్టలకు వేలాడే దారాలు కత్తిరిస్తారు. చిన్న కత్తెరల టిక్కుటిక్కు శబ్దం తప్ప అక్కడ ఇంకో మాట వినపడదు. ఆమె ఇరవై రెండేళ్ళుగా కటింగ్ బల్ల దగ్గర ఉంది. సహాయకుడు తన చెప్పుల వంక చూస్తూ నిలబడ్డాడు.

ఆ సాయంత్రం మెట్ల కింద నుంచి సైకిల్ బయటికి తీసింది. కూతురు స్కూలు రోజుల్లో తొక్కినది. సీటు మీద దుమ్ము దుప్పటిలా పేరుకుంది.

"అమ్మా, నువ్వు తొక్కుతావా?" అంది కూతురు.

"నీకు నేర్పిందెవరనుకున్నావ్?"

"అప్పుడు నువ్వు పక్కన పరిగెత్తావు. తొక్కలేదు."

"రెండూ వచ్చు నాకు. ఆ గుడ్డ ఇలా పడెయ్."

కండక్టర్ వచ్చేసరికి సైకిల్ తళతళలాడుతూ వాకిట్లో నిలబడి ఉంది.

"దీన్నెందుకు బయటికి తీశారు?"

"రేపట్నుంచి నేను దీని మీద వెళ్తాను" అంది ఆమె.

"పాస్ ఉండగా సైకిలేమిటి?"

"పాస్ ఉంది. సీటే లేదు."

ఆయన యూనిఫారం చొక్కా గుండీలు పైనుంచి కిందికి వరసగా విప్పుకుంటూ లోపలికి వెళ్ళాడు. ఎంత కోపం వచ్చినా ఒక్క గుండీ దాటేసే మనిషి కాదు.

మంగళవారం ఉదయం ఆరున్నరకల్లా ఆమె బయల్దేరింది. వీధి చివరి దాకా చక్రం పాములా వంకరలు పోయింది. తర్వాత కాళ్ళకు జ్ఞాపకం వచ్చింది, చేతులకు మాత్రం రాలేదు. హ్యాండిల్‌ని రెండు చేతులతో బిగించి పట్టుకుంది. వదిలితే ప్రాణం పోతుందన్నట్టే పట్టుకుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వెనకనుంచి ఎవరైనా హారన్ కొడితే గుండె గుభేలుమనేది.

వంతెన దగ్గరికి వచ్చేసరికి ధైర్యం పూర్తిగా సన్నగిల్లింది. అది పాత వంతెన, పొడవెక్కువ, వెడల్పు తక్కువ. ఒక్కో వైపు ఒక బస్సే పడుతుంది. బస్సు పక్కన సైకిల్ పట్టాలంటే సైకిల్ మీదున్న మనిషి ఊపిరి బిగబట్టుకోవాలి. మొదట్లో ఒక బోర్డు ఉంది, "వంతెనపై ఓవర్‌టేక్ చేయరాదు" అని. రంగు పెచ్చులు లేచిపోయింది గానీ అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి. దాని పక్కనుంచే సైకిళ్ళని దాటుకుంటూ బస్సులన్నీ పోతున్నాయి. ఆమె దిగి, సైకిల్ నడిపించుకుంటూ, పిట్టగోడకు ఆనుకుని వంతెన దాటింది. సగంలో ఉండగా ఒక బస్సు ఆమెను రాసుకుంటున్నట్టే వెళ్ళింది. వెనక నంబరు చూస్తే తన భర్తదే.

బల్ల దగ్గరికి వెళ్ళి చూసుకుంటే రెండు చేతులూ తిమ్మిరెక్కి ఉన్నాయి. బస్సులో ఒక చెయ్యే పోయేది. ఆమెకు నవ్వొచ్చింది, నవ్వుతుండగానే కళ్ళు చెమర్చాయి. ఆ పూట సహాయకుడి చేత వంపులు కోయించి, తను తిన్నని గీతలు మాత్రం కోసింది. అతను కోస్తున్నంతసేపూ సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు "మీరు చెప్పినట్టే తిప్పుతున్నానా మాస్టరమ్మా?" అని అడుగుతూనే ఉన్నాడు. బాగానే తిప్పుతున్నాడు. అది చూసి ఆమెకు సంతోషం కలగలేదు, కలగనందుకు తన మీద తనకే చిరాకు వేసింది.

సాయంత్రం దారిలో ఒక సైకిల్ షాపు దగ్గర ఆగింది. షాపతను ముసలివాడు. సైకిల్ కంటే ముందు ఆమె అరచేతులు చూపించమన్నాడు. రెండింటి మీదా హ్యాండిల్ గీతలు ఎర్రగా దిగి ఉన్నాయి.

"దొంగని పట్టుకున్నట్టు పట్టుకుంటున్నావు తల్లీ. అది ఎక్కడికీ పారిపోదు."

"వదిలితే పడిపోనూ?"

"పట్టుకోవడం వల్ల నిలబడేది కాదిది. తొక్కడం వల్ల నిలబడుతుంది." అతను పానాతో నట్టు వదులు చేసి హ్యాండిల్ నాలుగు వేళ్ళు పైకి లేపాడు. సీటు కొంచెం ముందుకు జరిపాడు. "ఇది పిల్లల కొలతకి బిగించి ఉంది. నువ్వు ముందుకు పడిపోయి, బరువంతా చేతుల మీద మోపుతున్నావు. నడుం నిటారుగా ఉంచు. చేతులు ఊరికే ఆనించు. పనేం చెప్పకు వాటికి."

కొలత తప్పితే ఏమవుతుందో జీవితమంతా కుట్టేవాళ్ళకు చెప్పిన మనిషి, తన కొలత కాని సైకిల్ ఎక్కి ఊరంతా తిరిగొచ్చింది. ఆ మాట షాపతనితో అంటే అతను పడిపడి నవ్వాడు.

బుధవారం చేతులు ఆనించే వెళ్ళింది. బిగుసుకున్నప్పుడల్లా "పనేం లేదు మీకు" అని వాటికి చెప్పుకుంది. మోచేతి పోట్లు లేవు, భుజం మీద ఎవరి సంచీ లేదు, మెడ మీద ఎవరి ఊపిరీ లేదు. బస్సు కిటికీలోంచి ఎన్నడూ కనపడని ఇళ్ళూ, తెరుచుకుంటున్న దుకాణాలూ, షట్టర్ పైకి నెట్టే ముందు నడుం పట్టుకుని ఆవలించే మనిషీ, అన్నీ కనిపించాయి. వంతెన మాత్రం మళ్ళీ నడిచే దాటింది. బల్ల ముందు టీగ్లాసు చేతిలోకి తీసుకుంటే అరచెయ్యి చురుక్కుమంది. కాలినందుకు అంత ఆనందపడ్డ మనిషి ఆ హాల్లో ఇంకొకరు లేరు.

ఆ రోజు తనే మెడ వంపులన్నీ కోసింది.

ఇంట్లో మాత్రం కండక్టర్ ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు. డిపోలో మాట అప్పుడే పాకిపోయింది. రూళ్ళకర్ర గారి భార్యకు బస్సు పడటం లేదట అని ఎవరో అన్నారు. మరెవరో, ఆయన ఆవిడని కూడా టికెట్ కొనమని ఉంటాడు అన్నారు.

"మీ అమ్మకి చెప్పు, రేపట్నుంచి బస్సులో రమ్మని" అన్నాడు కూతురితో.

"నాన్నా, అమ్మ నీ ఎదురుగానే కూర్చుంది."

"చెప్పమన్నాను."

"వినపడింది" అంది ఆమె. "రాను."

"రోడ్డు మీద ఏదైనా అయితే?"

"బస్సులో అయింది కాదా? నా బల్ల పోయేటట్టుంది. శుక్రవారం చెయ్యి తప్పితే దారాలు కత్తిరించుకుంటూ కూర్చోవాలి. ఆ సంగతి మీకు చెబుదామంటే, మీరు నన్ను అండీ అంటున్నారు."

"డ్యూటీలో అందరినీ అండీ అనే అంటాను."

"లేపితే లేపారు, అది రూలు. దారిన పోయే మనిషితో మాట్లాడినట్టు నా ముఖమైనా చూడకుండా లేపమని ఏ రూల్లో ఉంది?"

ఆమెకు ఒకసారి నోరు తెరిచాక ఆగబుద్ధి కాలేదు.

"ఇంకో రూలు కూడా ఉంది. వంతెన మొదట్లో బోర్డు మీద రాసి ఉంది, చదివారా ఎప్పుడైనా? నిన్న మీ బస్సే నన్ను గోడకి అదిమి వెళ్ళింది."

"అది డ్రైవర్లకి రాసింది. అయినా ఎవరూ పాటించరు దాన్ని."

"పాస్ రూలు కూడా ఎవరూ పాటించరు. మీరు తప్ప."

కూతురు పళ్ళెం తీసుకుని చడీచప్పుడు లేకుండా వంటింట్లోకి జారుకుంది.

గురువారం ఆమె పిట్టగోడ పక్కన నడుస్తుండగా ఆయన బస్సు వచ్చింది. ఆమె గోడకు వెన్ను ఆనించి, సైకిల్‌ని పొట్టకు అడ్డం పెట్టుకుని, బస్సు పోయేదాకా కళ్ళు మూసుకోవాలనుకుంది. ఎందుకో మూసుకోలేదు. ఆయన వెనక తలుపు మెట్టు మీద నిలబడి ఉన్నాడు. ఇద్దరి మధ్యా జానెడు దూరం కూడా లేదు. ఆయన ఆమె ముఖం చూశాడు. ఈసారి బాగానే చూశాడు. బెల్లు తాడు మీద ఆయన చెయ్యి అలాగే ఉండిపోయింది. బస్సు వెళ్ళిపోయింది.



శుక్రవారం సరిగ్గా సగం దారిలో చైన్ ఊడింది. ఆమె రోడ్డు పక్కన కూర్చుని, పళ్ళ మీదికి చైన్ ఎక్కించబోతే అది జారడం, మళ్ళీ ఎక్కించబోతే మళ్ళీ జారడం. నాలుగోసారి పట్టింది. లేచి చూసుకుంటే మణికట్టు దాకా నల్లటి గ్రీజు. టైము ఏడూ నలభై. వంతెన నడిచి దాటితే బెల్లుకు అందుకోవడం వల్ల కాదు. బెల్లు దాటితే డాక్టర్ల కోట్ల లాట్‌ని సహాయకుడికి అప్పజెప్పేస్తారు, అప్పజెప్పిన లాట్ వెనక్కి రాదు.

ఆమె దిగలేదు. బోర్డు పక్కనుంచి తొక్కుకుంటూ వంతెన ఎక్కింది.

కొంచెం దూరం పోయాక వెనక బస్సు చప్పుడు వినిపించింది. ఇక రాసుకుంటూ వస్తుందని ఎడమకు జరిగింది, జరిగితే పెడల్ గోడకు తగిలేటట్టుంది. చేతులు బిగుసుకున్నాయి. పనేం లేదు మీకు, పనేం లేదు, అనుకుంది. బస్సు రాలేదు. హారన్ కూడా లేదు. ఇంజను గుర్రుగుర్రుమంటూ అంతే దూరంలో వెనకే వస్తోంది. దాని వెనక ఇంకో నాలుగైదు హారన్లు ఒకేసారి మొదలయ్యాయి. కిటికీల్లోంచి ఎవరో అరిచారు.

"ఏమయ్యా, సైకిల్ వెనక ఊరేగింపా ఇది? మాకు ఆఫీసులు లేవా?"

"వంతెన మీద దాటకూడదండి" అన్న గొంతు వినిపించింది. టికెట్ అడిగేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది ఆ గొంతు, హెచ్చూ లేదు, తగ్గూ లేదు. "బోర్డుంది అక్కడ."

ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే పడిపోతుంది. చేతులు మెల్లగా వదులయ్యాయి. ఆ మూడు నిమిషాలూ వంతెన ఆమెదే అయింది. అవతలి ఒడ్డున రోడ్డు వెడల్పయ్యాక బస్సు పక్కనుంచి సాగిపోయింది. డ్రైవర్ ఒక చెయ్యి ఎత్తాడు. తలుపు దగ్గర నిలబడ్డ మనిషి మాత్రం సూటిగా ముందుకే చూస్తున్నాడు.

బెల్లుకు రెండు నిమిషాల ముందు ఆమె కుళాయి దగ్గర ఉంది. బల్ల మీద ముప్ఫై పొరల తెల్లగుడ్డ పరిచి ఉంది, చేతులు చూస్తే బొగ్గులు. మెషిన్లు తుడిచే సబ్బుతో మూడుసార్లు కడిగింది. గోళ్ళ సందుల్లో మిగిలినదాన్ని సహాయకుడే పాత టూత్‌బ్రష్ తెచ్చి రుద్దాడు. "తొందరేం లేదు, నేను ఇంకా బరువులు పెట్టలేదు" అన్నాడు. బరువులు పెట్టి ఉన్నాయి.

ఆమె తొడుగు వేసుకుని మెషిన్ పట్టుకుంది. పిడిలో మోటారు వణుకు అరచేతికి స్పష్టంగా తెలిసింది. పక్క గీత కోసింది, భుజం కోసింది, చంక వంపు దగ్గరికి వచ్చింది. మణికట్టు తిరిగింది, బ్లేడు దానితో పాటే తిరిగింది. గీత మీద సుద్దపొడి సన్నగా లేచి రెండు వైపులా పడింది.

సూపర్‌వైజర్ వచ్చి కట్టలోంచి పైముక్కనూ అడుగుముక్కనూ లాగి, ఒకదాని మీద ఒకటి పెట్టి, కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. అంచులు రెండూ ఒకటే గీతగా కనిపించాయి.

"సరే మాస్టరమ్మా. రెండో లాట్ వేయించండి" అన్నాడు.

అంతకంటే ఏం అంటాడు. ఆమెకు మాత్రం హాలంతా ఒకసారి పరిగెత్తి రావాలనిపించింది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కండక్టర్ బల్ల ముందు తెల్లకాగితం పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. చొక్కా ఇంకా విప్పలేదు.

"నా బల్ల నాకుంది" అంది ఆమె గుమ్మంలోనే.

"మంచిది" అన్నాడు ఆయన. కలం పక్కన పెట్టి, ఆమె రెండు చేతులూ చూసి, "గ్రీజు పోయిందా?" అన్నాడు.

"పోయింది. ఏం రాస్తున్నారు?"

"సంజాయిషీ. ఇవాళ రోజు మొత్తం మీద ఇరవై ఆరు నిమిషాలు ఆలస్యం. పందొమ్మిదేళ్ళలో నా మీద ఒక్క నిమిషం లేదు. రేపటికల్లా ఇవ్వాలి. నచ్చకపోతే రూటు నుంచి తీసి టికెట్ల గదిలో వేస్తారు."

"ఇరవై ఆరా? నేను మూడు నిమిషాల్లో దాటేశానే."

"నీతో అయిపోతుందా? తిరుగు ట్రిప్పులో నలుగురున్నారు. మధ్యాహ్నం ఒకాయన వెనక నీళ్ళ డబ్బాలు కట్టుకుని తొక్కుతున్నాడు, ఎంతకీ తెమలడే. ఒకావిడ పాపని ముందు కూర్చోబెట్టుకుని వస్తోంది. రోజూ వచ్చేవాళ్ళే అయ్యుంటారు." ఆయన కాగితం వంక చూస్తూ ఆగాడు. "అన్నేళ్ళుగా ఆ వంతెన మీదే తిరుగుతున్నాను. నాకెప్పుడూ కనపడలేదు వాళ్ళు."

ఆమె కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు కూడా. తన బల్ల నిలిచిన రోజే ఈయనకి బస్సు మెట్టు చేజారేటట్టుంది.

"మరి డ్రైవర్ అన్నయ్యకి?"

"దాటొద్దన్నది నేనే అని రాశాను. వాడికేం లేదు. అయినా టికెట్ల గదిలో కుర్చీ ఉంటుందిలే" అన్నాడు ఆయన. "కూర్చోవచ్చు."

ఆమె కళ్ళు తుడుచుకుని కాగితం తీసి చదివింది. ట్రిప్పులవారీగా ఎన్ని నిమిషాలో, ప్రతి ట్రిప్పులోనూ ముందు ఎన్ని సైకిళ్ళున్నాయో వరసగా రాశాడు. నా భార్య అన్న మాట ఎక్కడా లేదు. ఉదయం ట్రిప్పులో "సైకిల్ ఒకటి" అని మాత్రం ఉంది.

"అయిపోయినట్టేగా?"

"ఒక్క వాక్యం ఉంది. ఏ సంజాయిషీ అయినా చివర్లో 'ఇకపై ఇలా జరగదని హామీ ఇస్తున్నాను' అని రాయాలి. అది లేకపోతే గుమాస్తా తీసుకోడు."

"రాసేయండి మరి. అందరూ రాసేదేగా."

ఆయన కలం తీసుకున్నాడు. రాయలేదు.

"రేపు వంతెన మీదికి ఎన్నింటికి వస్తావు?"

"ఏడూ నలభైకి."

ఆయన తలూపాడు. ఎవరైనా మధ్యలో ఇంకో వాక్యం ఇరికించడానికి వీల్లేకుండా, పైవరసను ఆనుకునేటట్టు సంతకం పెట్టి, కాగితం నాలుగు మడతలు మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.